స్ప్లింటర్స్ (1929): సైనికుల నాటక బృందం మీద తీసిన బ్రిటిష్ హాస్య చిత్రం – తరచుగా అడిగే ప్రశ్నలు

'స్ప్లింటర్స్' ప్రస్తావన వచ్చినప్పుడల్లా అవే సందేహాలు మళ్లీ మళ్లీ ఎదురవుతుంటాయి. ఇది యుద్ధ చిత్రమా, హాస్య చిత్రమా? ఆడవేషాలు ఎందుకు? సైనికులు నిజంగా నాటకాలు వేశారా? వాటిని అడిగినవారి మాటల్లోనే ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు కావాలంటే దానికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఈ చిత్రం మీద నాకున్న మక్కువకు కారణం ఒక్కటే. కందకాల వెనక పుట్టిన ఒక వినోద సంప్రదాయాన్ని, అందులోనే పేరు తెచ్చుకున్న కళాకారులతో, యుద్ధం ముగిసిన పదకొండేళ్లకే ఇది గొంతుతో సహా భద్రపరిచింది.

## చూడకముందు

అసలు ఇది ఏ సినిమా? క్లుప్తంగా చెప్పండి.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1915లో, ఫ్రాన్స్‌లో ఉన్న కొందరు బ్రిటిష్ సైనికులు తోటివారి మనసు తేలికపరచడానికి ఒక వినోద బృందాన్ని కట్టి ప్రదర్శన ఇవ్వడమే ఇందులో కథ. 1929లో వచ్చింది. దర్శకుడు జాక్ రేమండ్, నిర్మాత హెర్బర్ట్ విల్‌కాక్స్. నెల్సన్ కీస్, సిడ్నీ హోవార్డ్, లూ లేక్ ముఖ్య నటులు. దీనికి ఆధారం అదే పేరుతో రంగస్థలం మీద ఆడిన ప్రదర్శన.

యుద్ధ చిత్రమంటే నాకు భయం. రక్తపాతం చూడాల్సి వస్తుందా?

భయపడనక్కర లేదు. ఇది పాటలు, హాస్య ఘట్టాలు కలిసిన వినోద చిత్రం. యుద్ధం నేపథ్యంగా ఉంటుంది, కథంతా ప్రదర్శన చుట్టూ నడుస్తుంది. అలాగే, గుండెలు పిండే యుద్ధ విషాదాన్ని ఆశించి కూర్చుంటే మాత్రం నిరాశ తప్పదు.

నాటకం అంటారు, రెవ్యూ అంటారు, కాన్సర్ట్ పార్టీ అంటారు. ఏది సరైనది?

కాన్సర్ట్ పార్టీ అంటే బృందం. రెవ్యూ అంటే ఆ బృందం ఇచ్చే ప్రదర్శన: ఒక పాట, వెంటనే ఒక హాస్య ఘట్టం, ఒక నృత్యం, మళ్లీ పాట. మొదటి నుంచి చివరి దాకా ఒకే కథ ఉండదు. యుద్ధానికి ముందే ఇంగ్లండ్ సముద్రతీర పట్టణాల్లో వేసవి సెలవులకు వచ్చినవారి కోసం పియరో (వదులు దుస్తులు, తెల్ల ముఖంతో ఉండే విదూషకుడు) వేషాలు కట్టిన చిన్న బృందాలు ఇలాంటి ప్రదర్శనలు ఇచ్చేవి. సైనికులు ఆ పద్ధతినే ఫ్రాన్స్‌కు తీసుకెళ్లారు. ఒకే కథతో సాగే నాటకాన్ని ఊహించుకుని చూస్తే ఇది ముక్కలు ముక్కలుగా అనిపిస్తుంది. రెవ్యూ అని తెలిసి చూస్తే దాని లయ వెంటనే పట్టుబడుతుంది.

బ్రిటన్‌లో మొట్టమొదటి టాకీ ఇదేనని చదివాను. నిజమేనా?

కాదు. ఆ గౌరవం సాధారణంగా అదే 1929లో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన 'బ్లాక్‌మెయిల్'కు దక్కుతుంది. 'స్ప్లింటర్స్' బ్రిటన్‌లో వచ్చిన తొలి సంగీత ప్రధాన టాకీల్లో ఒకటి. అలా చెప్పుకుంటే చాలు, అది చిన్న విషయమేమీ కాదు.

ఇదే పేరుతో మరో రెండు సినిమాలు కనిపిస్తున్నాయి. ఏది ముందు చూడాలి?

1929 చిత్రాన్నే ముందు చూడండి. 1931లో వచ్చిన 'స్ప్లింటర్స్ ఇన్ ది నేవీ'కి వాల్టర్ ఫోర్డ్, 1937లో వచ్చిన 'స్ప్లింటర్స్ ఇన్ ది ఎయిర్'కు ఆల్‌ఫ్రెడ్ గోల్డింగ్ దర్శకులు. మూడింటిలోనూ సిడ్నీ హోవార్డ్ ఉన్నాడు. పేర్లను బట్టే తెలుస్తుంది, ఒకటి నౌకాదళానికి, మరొకటి వైమానిక దళానికి సంబంధించినది. 1915 నాటి అసలు బృందం కథ కావలసినవారికి మొదటిదే కావాలి.

## తెర వెనక ఉన్న నిజ చరిత్ర

సైనికులు నిజంగానే నాటకాలు వేసేవారా, లేక సినిమా కోసం కల్పించారా?

నిజంగానే వేసేవారు, అదీ పెద్ద ఎత్తున. 1917 నాటికి పశ్చిమ రంగంలోని (ఫ్రాన్స్, బెల్జియం యుద్ధభూమిలోని) బ్రిటిష్ సైన్యంలో దాదాపు ప్రతి డివిజన్‌కూ సొంత కాన్సర్ట్ పార్టీ ఉండేది. 6వ డివిజన్‌కు 'ది ఫాన్సీస్', 4వ డివిజన్‌కు 'ది ఫాలీస్', లండన్ వాసుల 56వ డివిజన్‌కు 'ది బో బెల్స్', స్కాట్లండ్ హైలాండర్ల 51వ డివిజన్‌కు 'ది బాల్మోరల్స్'. పేర్లు చూస్తేనే ఎవరి ఊరి మీద వారికున్న మమకారం తెలిసిపోతుంది. బో బెల్స్ అంటే లండన్ ఈస్ట్ ఎండ్ మనుషుల చెవిలో మోగే చర్చి గంటలు. బాల్మోరల్ అంటే స్కాట్లండ్ సైనికుడి నెత్తిన ఉండే టోపీ.

ఈ బృందాల్లో యుద్ధానికి ముందు మ్యూజిక్ హాళ్లలో, అంటే పాటలు, హాస్యం కలిపి ప్రదర్శించే వినోదశాలల్లో పనిచేసిన వృత్తి కళాకారులు కొందరైతే, దుకాణాల్లోనూ ఆఫీసుల్లోనూ పనిచేస్తూ సైన్యంలో చేరినవారు మరికొందరు. 'ది బింగ్ బాయ్స్ ఆర్ హియర్' వంటి లండన్ రెవ్యూల్లో జనం మెచ్చిన పాటలు కొద్ది కాలానికే ఫ్రాన్స్‌లోని గడ్డివాముల కొట్టాల్లో వినిపించేవి. వాటికి తోడు తమ పై అధికారుల మీద, బురద మీద, రోజూ తినే డబ్బా మాంసం మీద సైనికులే అల్లుకున్న హాస్యం ఉండేది. నా దృష్టిలో అసలు రత్నాలు అవే.

'లె రూజ్ ఎ నువార్' అని ఒక పేరు వస్తుంటుంది. ఎవరు వీళ్లు?

బ్రిటిష్ మొదటి ఆర్మీకి చెందిన కాన్సర్ట్ పార్టీ. ఎరుపు, నలుపు ఆ ఆర్మీ గుర్తు రంగులు. ఫ్రెంచిలో ఆ రంగుల పేర్లే బృందం పేరు. వీరి రెవ్యూ పేరే 'స్ప్లింటర్స్'. యుద్ధం ముగిశాక చాలా బృందాలు విడిపోయి ఎవరి ఇళ్లకు వారు చేరారు. ఈ బృందం మాత్రం 1919లో లండన్ సావోయ్ థియేటర్ మెట్లెక్కింది. తర్వాత బ్రిటన్ అంతటా ఊరూరా తిరిగి ప్రదర్శనలు ఇచ్చింది. టాకీ వచ్చేసరికి 'స్ప్లింటర్స్' జనానికి బాగా తెలిసిన పేరు. సినిమాకు ఆ పేరే పెద్ద పెట్టుబడి.

చావుబతుకుల మధ్య నాటకాలకు అధికారులు ఎలా ఒప్పుకున్నారు?

సైనికుడు నెల పొడుగునా ముందు వరుస కందకంలోనే ఉండేవాడు కాదు. కొన్ని రోజులు ముందు వరుసలో, కొన్ని రోజులు దాని వెనక, మరికొన్ని రోజులు ఇంకా వెనక విశ్రాంతి గ్రామాల్లో – ఇలా వంతులు నడిచేవి. ఆ విశ్రాంతి రోజుల్లో పని లేకపోతే తాగుడు, దిగులు, ఇంటి బెంగ. అధికారులకు ఈ సంగతి త్వరగానే అర్థమైంది. ఫుట్‌బాల్ పోటీలు, గుర్రాల ప్రదర్శనలు, కాన్సర్ట్ పార్టీలు అన్నీ ఆ అవసరంలోంచే పుట్టాయి. మంచి బృందం ఉంటే డివిజన్‌కే పేరు. అందుకే బాగా పాడే సిపాయిని కందకం పనుల నుంచి తప్పించి బృందంలో ఉంచుకునేవారు. రోజూ ప్రాణాలకు తెగించేవారికి దాని మీద గుర్రు కలగడమూ సహజమే.

వేదిక, దీపాలు, పట్టు గౌనులు అక్కడికి ఎలా వచ్చాయి?

దొరికినదానితో సరిపెట్టుకునేవారు. గడ్డివాముల కొట్టం, పాడుబడ్డ హాలు, వైఎంసీఏ గుడిసె, పెద్ద గుడారం – ఏదైనా రంగస్థలమే. ఆహార సామగ్రి వచ్చిన చెక్కపెట్టెలు వేదికకు పనికొచ్చేవి. బిస్కెట్ డబ్బాలు వంచి దీపాలకు అడ్డు పెట్టేవారు, ఎసిటిలీన్ దీపాలు వెలిగించేవారు. ఇంజినీర్ల దళం దగ్గరలో ఉంటే కరెంటు కూడా వచ్చేది. గౌనులు, విగ్గులు, ముఖానికి పూసే రంగులు మాత్రం సెలవు మీద వెళ్లిన అధికారుల చేత లండన్ నుంచో పారిస్ నుంచో తెప్పించుకునేవారు. ప్రవేశానికి తీసుకునే చిల్లర డబ్బులు ఈ ఖర్చులకు సాయపడేవి.

ఆడవారినే పిలిపించుకోవచ్చు కదా? మగవాళ్లకు ఆడవేషాలు ఎందుకు?

పిలిపించారు, కానీ యుద్ధరంగానికి దూరంగా ఉండే స్థావరాల వరకే. నటి లీనా ఆష్‌వెల్ ఆధ్వర్యంలో 1915 ఫిబ్రవరిలో తొలి బృందం ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ చేరింది. అందులో మహిళా కళాకారులూ ఉన్నారు. ఫిరంగులు అందే దూరానికి మాత్రం స్త్రీలను పంపేవారు కాదు. అక్కడికి ఆమె పంపినవి పురుషుల బృందాలే. 6వ డివిజన్ 'ఫాన్సీస్' వారు ఆర్మెంతియేర్ ప్రాంతంలో ఇద్దరు స్థానిక యువతులను వేదిక ఎక్కించారు. సైనికులు వారికి వాజిలీన్, లానొలిన్ అని ముద్దుపేర్లు పెట్టుకున్నారు. అలాంటి అవకాశం అరుదు. కాబట్టి నాజూకైన కుర్ర సిపాయిని చూసి గౌను తొడగడమే మిగిలిన దారి అయింది.

అప్పుడు అక్కడ భారత సైనికులు కూడా ఉన్నారు కదా? మన ప్రాంతంవారికి ఏమైనా సంబంధం ఉందా?

ఉన్నారు, అదీ ఇదే మొదటి ఆర్మీలో. 1915 మార్చి 10 నుంచి 13 వరకు జరిగిన న్యూవ్ షాపెల్ పోరులో లాహోర్, మీరట్ డివిజన్ల భారత కోర్ మొదటి ఆర్మీ కిందే పోరాడింది. ఆ ఊళ్లో 1927లో ఆవిష్కరించిన స్మారకం మీద 4,700కు పైగా భారతీయుల పేర్లున్నాయి. భారత పదాతి దళం 1915 చివర్లో మెసపొటేమియాకు తరలింది, అశ్వికదళం ఫ్రాన్స్‌లో ఉండిపోయింది. అందులో సికిందరాబాద్ అశ్విక బ్రిగేడ్ ఒకటి. నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంట్‌లో మూలాలున్న దక్కన్ హార్స్ ఆ బ్రిగేడ్‌లోనిదే. 1916 జూలై 14న సొమ్ యుద్ధంలో హై వుడ్ దగ్గర గుర్రాల మీద దూసుకెళ్లినవారిలో వీరున్నారు. 1915 నాటి ఫ్రాన్స్‌ను తెర మీద చూసేటప్పుడు వీరంతా అదే నేల మీద ఉన్నారన్న ఎరుక మన ప్రేక్షకులకు ఉండాలని నా కోరిక.

## చిత్రం తీసిన తీరు

దీన్ని తీసింది ఎవరు? పెద్ద సంస్థేనా?

హెర్బర్ట్ విల్‌కాక్స్‌కు చెందిన బ్రిటిష్ అండ్ డొమినియన్స్ సంస్థ. విల్‌కాక్స్ స్వయంగా మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యపు విమాన విభాగమైన రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో పనిచేశాడు. 1928లో ఆ యుద్ధంలో జర్మన్లు బ్రిటిష్ నర్సు ఈడిత్ కావెల్‌కు వేసిన మరణశిక్ష మీద 'డాన్' తీసి సెన్సారు వివాదంలో చిక్కుకున్నాడు. మరుసటి ఏడాదే అదే యుద్ధం మీద హాస్య చిత్రం నిర్మించాడు. రచయిత డబ్ల్యు.పి. లిప్స్‌కూంబ్. తర్వాతి కాలంలో ఆయన 'పిగ్మాలియన్' (1938) చిత్రానికి ఆస్కార్ పంచుకున్నాడు. రాబర్ట్ క్లైవ్ జీవితం మీద 'క్లైవ్ ఆఫ్ ఇండియా' నాటకాన్ని ఆర్.జె. మినీతో కలిసి రాసిందీ ఆయనే.

నటుల్లో రంగస్థల 'స్ప్లింటర్స్'కు చెందినవారు ఉన్నారా?

ఉన్నారు, ఈ చిత్రానికున్న అసలు విలువ అదే. హాల్ జోన్స్, రెగ్ స్టోన్ ఇద్దరూ రంగస్థల 'స్ప్లింటర్స్' ద్వారా పేరు పొందినవారు. జోన్స్ హాస్యగాడు, స్టోన్ స్త్రీ పాత్రధారి. లూ లేక్ మ్యూజిక్ హాల్ నుంచి వచ్చిన హాస్య నటుడు, ప్రదర్శనల నిర్వాహకుడు కూడా. నెల్సన్ కీస్ లండన్ రెవ్యూల్లో ముందునుంచే తార. అంటే, వేదిక మీద వందల సార్లు చేసి నలిగిన పనితనం ఇందులో కనిపిస్తుంది. ఒక సినిమా కోసం నాలుగు రోజులు నేర్చుకున్నది కాదు.

యుద్ధం 1918లో ముగిసింది. 1929 దాకా ఎందుకు ఆగారు?

రెండు కారణాలు సూటిగా కనిపిస్తాయి. మొదటిది శబ్దం. పాటలు, మాటల హాస్యం మీద నిలిచే రెవ్యూను మూకీలో చూపిస్తే సగం ప్రాణం పోతుంది. టాకీ రాగానే అన్ని దేశాల్లోనూ నిర్మాతలు ముందుగా చూసింది రంగస్థలం వైపే. అక్కడ పాడగలిగిన, మాట్లాడగలిగిన మనుషులు, జనం ఒప్పుకున్న ప్రదర్శనలు సిద్ధంగా ఉన్నాయి.

రెండోది చట్టం. హాలీవుడ్ పోటీకి తట్టుకోలేక బ్రిటన్ 1927లో సినిమా చట్టం తెచ్చింది. పంపిణీదారులు, థియేటర్లవారు కొంత శాతం బ్రిటిష్ చిత్రాలను తప్పనిసరిగా తీసుకోవాలని నిబంధన పెట్టింది. దాంతో దేశీయ చిత్రాలకు గిరాకీ పెరిగింది.

వీటికి తోడు ఆ ఏడాది యుద్ధ జ్ఞాపకాలు ఒక్కసారిగా పైకి వచ్చాయి. ఆర్.సి. షెరిఫ్ నాటకం 'జర్నీస్ ఎండ్' 1929 జనవరి నుంచి సావోయ్ థియేటర్‌లో ఆడింది. రెమార్క్ నవల 'ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' ఇంగ్లిష్‌లో వచ్చింది ఆ ఏడాదే. సరిగ్గా పదేళ్ల ముందు 'స్ప్లింటర్స్' నవ్వులు పూయించిన అదే సావోయ్ వేదిక మీద ఇప్పుడు కందకంలోని చావు కనిపించింది. ఈ రెండూ ఒకే తరం అనుభవానికి చెందినవి. ఒకటి నిజమనీ మరొకటి అబద్ధమనీ అనడానికి నాకు మనసొప్పదు.

## చూస్తున్నప్పుడు

కెమెరా కదలదేమిటి? శబ్దం కూడా ఏదోలా ఉంటుందేం?

తొలి టాకీలన్నింటికీ ఉన్న బాధే ఇది. కెమెరా మోత మైక్‌లో పడకుండా దాన్ని శబ్దం బయటికి రాని గదిలో బిగించేవారు. అలాంటి కెమెరా కదలదు. మైక్ ఎక్కడ దాచారో నటులు దాని దగ్గరే మాట్లాడాలి. శబ్దాలను తర్వాత కలిపే సౌకర్యం తక్కువ కాబట్టి పాటకు వాద్యబృందం షూటింగ్ జరిగే చోటే వాయించాల్సి వచ్చేది. కథా చిత్రాలకు ఇది శాపం. రంగస్థల ప్రదర్శనను చూపించే చిత్రానికి మాత్రం అంత నష్టం లేదు, ఎందుకంటే హాలులో కూర్చున్న ప్రేక్షకుడి చూపు కూడా ఒక్కచోటి నుంచే కదా. హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే మాటలు మెరుగ్గా తెలుస్తాయి.

హాస్యం నాకు ఎక్కడం లేదు. ఎలా చూడాలి?

మాటలు పూర్తిగా అందకపోయినా సిడ్నీ హోవార్డ్ చేతులను గమనించండి. యార్క్‌షైర్ నుంచి వచ్చిన ఈ నటుడు తొణక్కుండా, నిదానంగా మాట్లాడతాడు. చేతులు మాత్రం గాలిలో సుతారంగా ఆడుతుంటాయి. ఆ గాంభీర్యానికీ ఆ చేతులకూ పొంతన కుదరకపోవడంలోనే నవ్వు ఉంది. ఇంకొక కిటుకు: ఎవరు అధికారి, ఎవరు సార్జెంటు, ఎవరు మామూలు సిపాయి అన్నది ముందే గుర్తుపట్టండి. బ్రిటిష్ సైనిక హాస్యంలో ఎక్కువ భాగం ఈ అంతస్తుల మధ్య తేడా మీదే నడుస్తుంది.

ఆడవేషాలు ఆడవారిని ఎగతాళి చేయడానికేనా?

అన్నీ కాదు. ఈ సంప్రదాయంలో రెండు పాయలున్నాయి. ఒకటి, లావుపాటి గయ్యాళి ముసలమ్మ వేషం. ఇంగ్లండ్‌లో క్రిస్మస్ రోజుల్లో ఆడే పాంటోమైమ్ అనే హాస్య ప్రదర్శనల నుంచి వచ్చిన ఈ వేషం నవ్వించడానికే. రెండోది, అందమైన యువతి వేషం. ఇందులో ఎగతాళి ఉండదు. నడక, గొంతు, చూపు అన్నీ నమ్మించేలా ఉండాలి. నెలల తరబడి ఇంటికి దూరమైన సైనికులు ఆ రూపంలో భార్యను, ప్రియురాలిని, చెల్లెలిని తలచుకునేవారు. రెగ్ స్టోన్ రెండో పాయకు చెందినవాడు. కెనడా 3వ డివిజన్ బృందం 'ది డంబెల్స్'లో 'మార్జరీ'గా పేరుపడ్డ రాస్ హామిల్టన్ కూడా ఆ కోవలోవాడే. ఈ తేడా తెలిస్తే నవ్వాల్సిన చోటు, మెచ్చుకోవాల్సిన చోటు విడివిడిగా కనిపిస్తాయి.

మన స్థానం నరసింహారావు గారు సత్యభామ వేసినట్టేనా ఇది?

పనితనంలో పోలిక ఉంది, పుట్టుకలో లేదు. స్థానం వారు పౌరాణిక నాటకంలో ఒక సంపూర్ణ పాత్రను పద్యంతో, అభినయంతో నిలబెట్టారు. అది ఆయన జీవితకాల సాధన, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఫ్రాన్స్‌లోని సిపాయి చేసింది పాట, నృత్యం, చిన్న హాస్య ఘట్టం; అదీ యుద్ధం కల్పించిన అవసరం వల్ల. అయితే చూసేవారు కాసేపు ఎదురుగా ఉన్నది పురుషుడన్న సంగతి మరచిపోవాలన్న పట్టుదల ఇద్దరిదీ ఒకటే. తెలుగు నాటకం చూసి పెరిగినవారికి ఈ చిత్రంలోని వేషాలు వింతగా అనిపించవు, అది మనకున్న సౌలభ్యం.

లక్షల మంది చనిపోయిన యుద్ధం మీద నవ్వులాటా? తప్పు కాదా?

ఆ నవ్వు మొదలుపెట్టింది ఇంట్లో సుఖంగా కూర్చున్నవారు కాదు, కందకాల నుంచి వచ్చినవారు. మరుసటి వారం మళ్లీ ముందు వరుసకు వెళ్లాల్సినవాడు ఈ వారం పాట వింటూ చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లను తప్పుపట్టే హక్కు మనకు లేదని నేను గట్టిగా నమ్ముతాను. అయితే సినిమా వరకు ఈ ప్రశ్న న్యాయమైనదే. పదకొండేళ్ల తర్వాత టిక్కెట్టు కొని చూసే ప్రేక్షకుడికి భయం లేదు, నవ్వు మాత్రమే ఉంది. అందుకే ఈ చిత్రాన్ని ఆ యుద్ధపు పూర్తి బొమ్మగా తీసుకోకూడదు. ఆనాటి సైనికుడి జీవితంలో ఒక సాయంత్రంగా తీసుకోవాలి.

## చూసిన తర్వాత

ఇలాంటి కథతో ఇంకా ఏ చిత్రాలున్నాయి?

నేను మొదట చెప్పేది జాఁ రెన్వార్ ఫ్రెంచి చిత్రం 'లా గ్రాండ్ ఇల్యూజన్' (1937). అందులో జర్మన్ల చెరలో ఉన్న సైనికులు ఆడవేషాలతో ప్రదర్శన ఇస్తుంటారు. డువామోఁ కోట తిరిగి తమవారి చేతికి వచ్చిందన్న కబురు మధ్యలో అందుతుంది. వేషం వేసుకున్న ఒక ఇంగ్లిష్ బందీ విగ్గు తీసి వాద్యగాళ్లను ఫ్రెంచి జాతీయ గీతం మార్సెయేజ్ వాయించమంటాడు. హాలంతా లేచి నిలబడుతుంది. సైనికుల నాటకం మీద తెర కెక్కిన ఘట్టాల్లో దీన్ని మించినది నాకు కనిపించలేదు. తేలికపాటి వినోదం కావాలంటే సిడ్ చాప్లిన్ నటించిన అమెరికన్ మూకీ 'ది బెటర్ ఓల్' (1926) ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో కూడా ఇలాంటి బృందాలు ఉన్నాయా?

ఉన్నాయి, ఈసారి ప్రభుత్వ ఏర్పాటుతో. 1939లో బాసిల్ డీన్ ప్రభృతులు నెలకొల్పిన ఎన్సా సంస్థ కళాకారులను యుద్ధరంగాలన్నింటికీ పంపింది. సైన్యంలోని సొంత బృందాలూ కొనసాగాయి. అలాంటి ఒక బృందం మహారాష్ట్రలోని దేవలాలి స్థావరంలో ఉండేది. అందులో పనిచేసిన జిమ్మీ పెర్రీ, డేవిడ్ క్రాఫ్ట్‌తో కలిసి ఆ అనుభవాలతో 'ఇట్ ఎయింట్ హాఫ్ హాట్ మమ్' అనే బీబీసీ హాస్య ధారావాహిక రాశాడు. 1974 నుంచి 1981 వరకు అది ప్రసారమైంది. అందులో భారతీయ సేవకుడి పాత్రను మైకేల్ బేట్స్ అనే ఆంగ్ల నటుడు ముఖానికి రంగు పూసుకుని వేశాడు. ఆ విషయంలో వచ్చిన విమర్శ సరైనదే.

ఇందులోని నటులు తర్వాత ఏమయ్యారు?

సిడ్నీ హోవార్డ్ 1930లలో బ్రిటిష్ హాస్య చిత్రాల్లో తారగా ఎదిగాడు. జాక్ రేమండ్ దర్శకత్వంలోనే 'అప్ ఫర్ ది కప్' (1931) చేశాడు. 1946లో మరణించాడు. నెల్సన్ కీస్ 1939లో మరణించాడు. ఆయన కొడుకుల్లో జాన్ ప్యాడీ కార్‌స్టేర్స్ దర్శకుడయ్యాడు, ఆంథోనీ నెల్సన్ కీస్ హ్యామర్ సంస్థ భయానక చిత్రాల నిర్మాతగా పేరు పొందాడు.

చిత్రం గురించి పరిశోధన చేయాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

సినిమా వైపు నుంచి బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ జాతీయ భాండాగారం, యుద్ధం వైపు నుంచి లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం. వెతికేటప్పుడు చిత్రం పేరుతో పాటు సంవత్సరం, దర్శకుడి పేరు కూడా ఇవ్వండి, లేకపోతే ఇతర 'స్ప్లింటర్స్' చిత్రాలు అడ్డొస్తాయి. రంగస్థల ప్రదర్శన వివరాలకు 'లె రూజ్ ఎ నువార్' పేరుతో వెతకండి.

తొంభై ఏళ్లు దాటిన సినిమా కదా, నా వీడియోలో స్వేచ్ఛగా వాడుకోవచ్చా?

తొందరపడకండి. బ్రిటన్ చట్టం ప్రకారం రచయిత మరణించిన సంవత్సరం ముగిశాక 70 ఏళ్ల పాటు రచన మీద హక్కు ఉంటుంది. లిప్స్‌కూంబ్ 1958లో మరణించాడు, కాబట్టి 2028 చివరి వరకు ఆయన రచనకు అక్కడ రక్షణ ఉంది. పాటల మీద హక్కులు వేరుగా ఉంటాయి. విమర్శ కోసం చిన్న ముక్క వాడుకోవడానికి చట్టంలో వెసులుబాటు ఉంది. మొత్తం చిత్రాన్ని పెట్టాలంటే మాత్రం హక్కుదారుల రాతపూర్వక అనుమతి తీసుకోండి.